పాత జర్మన్ వెండి సామాను మీది ముద్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో చదువుకో, ఉద్యోగానికో ఉంటున్న మనవాళ్ళు వారాంతపు సంతల్లో పాత స్పూన్లు, ఫోర్కులు బేరమాడి కొనడం మామూలే. ఇంటికొచ్చి తిరగేసి చూస్తే వెనక చీమంత గుర్తులు నాలుగైదు ఉంటాయి. అవేంటో తేలక టెన్షన్ మొదలవుతుంది. ఆ గుర్తుల గురించి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి. ముందే ఒక మాట. 1888కి ముందు వస్తువు మీద ముద్ర అంటే ఆ ఊరు ఇచ్చిన పూచీ. ఆ తర్వాత అది తయారీదారు తనకు తాను ఇచ్చుకున్న మాట. మీ చేతిలో ఉన్నది ఏ కాలానిదో తేల్చుకుంటే, దేన్ని వెతకాలో సగం తెలిసినట్టే.

నెలవంక, కిరీటం, పక్కన 800 ఉన్నాయి. ఇది ఏ కంపెనీ?

ఏ కంపెనీదీ కాదు. జర్మన్ సామ్రాజ్యం 1884లో బంగారు, వెండి వస్తువుల నాణ్యత మీద ఒక చట్టం చేసింది. అది 1888 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వెండికి నెలవంక, కిరీటం. బంగారానికి సూర్యుడు, కిరీటం. వాటి పక్కన వెయ్యి పాళ్ళలో అసలు లోహం ఎంతో చెప్పే అంకె. 800 అంటే వెయ్యి పాళ్ళలో ఎనిమిది వందల పాళ్ళు వెండి. మన కొట్టు భాషలో 80 టంచ్. వెండి సామానుకు కిరీటం వెయ్యాలంటే కనీసం 800 ఉండాలి. అందుకే పాత జర్మన్ స్పూన్ల మీద 800 అంత ఎక్కువగా కనిపిస్తుంది. 830, 835, 900, 925, 935 కూడా తగులుతాయి.

కాబట్టి కిరీటం, నెలవంక మీకు చెప్పేది రెండే: వస్తువు జర్మనీది, 1888 తర్వాతది. అది 1890 నాటిదైనా కావచ్చు, 1960 నాటిదైనా కావచ్చు. ‘కిరీటం ఉంది కాబట్టి రాజుగారి సామాను’ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. నమ్మకండి.

ఆ ముద్ర ప్రభుత్వం వేసిందేనా?

కాదు. ఇంగ్లండ్‌లో లాగా వస్తువును పరీక్షా కేంద్రానికి పంపి ముద్ర వేయించుకునే పద్ధతి ఈ చట్టంలో లేదు. తయారీదారే వేసుకుంటాడు, తప్పని తేలితే బాధ్యత అతనిదే. పేరున్న జర్మన్ కంపెనీల విషయంలో 800 అంటే 800 అనుకుని కొనడంలో పెద్దగా భయం లేదని నా అభిప్రాయం. పేరు లేకుండా కిరీటం, అంకె మాత్రమే ఉంటే కొంచెం ఆలోచించాలి.

మరి తయారీదారు గుర్తు ఎక్కడుంటుంది?

కిరీటం పక్కనే, అదే వరుసలో. స్పూను, ఫోర్కు అయితే కాడ వెనక వైపు. పళ్ళెం, గిన్నె అయితే అడుగున. కెటిల్ లాంటి మూత ఉన్న వస్తువులకు మూత అంచు లోపల కూడా వెతకండి. మూతకు, ఒంటికి వేరు వేరు గుర్తులుంటే ఒకటి మార్చారన్న మాట.

ఒక ఫోర్కు వెనక వరుసగా ఇలా ఉందనుకుందాం: చిన్న పక్షి బొమ్మ, నెలవంక, కిరీటం, 800, తర్వాత పూర్తి అక్షరాల్లో ఎవరిదో ఇంటిపేరు. కొత్తవాళ్ళు ముందు ఆ ఇంటిపేరునే పట్టుకుంటారు, చదవడానికి వీలుగా ఉన్నది అదొక్కటే కాబట్టి. కానీ అది చాలాసార్లు అమ్మిన నగల కొట్టు పేరు. వస్తువు ఎవరి పేరు మీద అమ్ముతున్నారో ఆ పేరు వేసుకోవడానికి చట్టం ఒప్పుకునేది. పెద్ద ఫ్యాక్టరీలు బెర్లిన్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ కొట్లకు సరుకు పంపితే, అక్కడ కొట్టు ముద్ర పడేది. మీకు కావాల్సిన తయారీదారు ఆ మొదట్లో ఉన్న పక్షి బొమ్మ.

ఇక ముందు వైపు కాడ చివర వంపులు తిరిగిన అందమైన అక్షరాలు చెక్కి ఉంటాయి. అవి పెళ్ళికూతురివో, ఆ కుటుంబానివో. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే. వాటిలో తయారీదారును వెతకొద్దు.

ముద్ర అరిగిపోయింది. చదవడం ఎలా?

ముందు తోమడం ఆపండి. విభూతి, చింతపండు, టూత్‌పేస్ట్, పీతాంబరి వంటివన్నీ మన పూజా సామానుకు సరే. నూరేళ్ళ నాటి ముద్ర మీద వాటితో రుద్దితే మిగిలిన గీతలు కూడా పోతాయి. గుంటల్లో ఉన్న నల్లటి మడ్డి మీకు శత్రువు కాదు, అదే అక్షరాన్ని పట్టి చూపిస్తుంది.

గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చిని ముద్రకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వేయండి. నీడ పడి అంచులు లేస్తాయి. టార్చిని మెల్లగా చుట్టూ తిప్పుతూ నాలుగైదు ఫోటోలు తీయండి, ఒక్కో కోణంలో ఒక్కో గీత బయటపడుతుంది. గడియారాల రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఈ వ్యాపకానికి తప్పనిసరి ఖర్చు అదొక్కటే. డజను స్పూన్లుంటే డజనూ చూడండి. ఒకదాని మీద అరిగిన సగం ఇంకోదాని మీద నిక్షేపంగా ఉంటుంది.

వెనక 90 అని ఉంది. అంటే 90 శాతం వెండి అనేగా?

కానే కాదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 90 అంటే వెండి పూత లెక్క: 24 చదరపు డెసిమీటర్ల మీద, అంటే సుమారుగా పన్నెండు పెద్ద స్పూన్లు, పన్నెండు ఫోర్కుల మీద కలిపి 90 గ్రాముల వెండి. భాగిస్తే ఒక్కోదాని మీద నాలుగు గ్రాములు కూడా రాదు. 100, 150 అన్నా అదే లెక్క, పూత కాస్త మందం. పక్కన ఇంకో చిన్న అంకె ఉంటే, చాలా కంపెనీల్లో అది ఆ రకం వస్తువుకు డజనుకు పట్టిన పూత గ్రాములు.

అసలు వెండికి అంకె 800, 835, 925 అని మూడు స్థానాల్లో, వెయ్యి పాళ్ళ లెక్కలో ఉంటుంది. కిరీటం లేకుండా 90 ఒక్కటే ఉంటే లోపల ఉన్నది వేరే లోహం. అలాగని పారేయాల్సిన పని లేదు. వాడుకోవడానికి అంతకన్నా మంచి సామాను దొరకదు. వెండి ధర మాత్రం పెట్టకండి.

మన దగ్గర రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చే జర్మన్ సిల్వర్, ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. జర్మన్ సిల్వర్ అనేది రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం. అందులో వెండి పిసరంత కూడా లేదు. 1823లో శాక్సనీలో గైట్నర్, బెర్లిన్‌లో హెన్నిగర్ సోదరులు దాదాపు ఒకేసారి దీన్ని తయారు చేశారు. జర్మనీలో దాన్ని నోయ్‌జిల్బర్ అంటారు, అల్పాకా అని కూడా ముద్ర వేస్తారు. పైన చెప్పిన 90 పూత స్పూన్ల లోపల ఉండేది చాలామట్టుకు ఇదే. వరలక్ష్మీ వ్రతం ముందు మన బజార్లలో గుట్టలుగా పోసి అమ్మే కుంకుమ భరిణెలకు, ఈ పేజీలో చెప్పే వెండికి పేరు తప్ప చుట్టరికం లేదు.

కిరీటం లేదు. 12 అనో, 13 అనో ఉంది. డజను నంబరా?

మంచి రోజు మీది. అది లోట్ లెక్క అయ్యే అవకాశం ఉంది. 1888కి ముందు జర్మన్ రాజ్యాల్లో వెండి స్వచ్ఛతను పదహారు పాళ్ళలో చెప్పేవారు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే పదహారణాల లెక్క: 16 లోట్ అంటే పదహారణాల వెండి, 13 లోట్ అంటే పదమూడణాలే వెండి, మిగతా మూడణాలు రాగి. 12 లోట్ అంటే ఇప్పటి లెక్కలో 750, 13 అంటే 812.5, 14 అంటే 875, 15 అంటే 937.5. ఉత్తర జర్మనీలో, ప్రష్యాలో 12 ఎక్కువ వాడుకలో ఉండేది. ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ 13 లోట్ ఊళ్ళు.

ప్రష్యా సామాను మీద ఒక్కోసారి కిరీటంతో ఎఫ్.డబ్ల్యూ. అక్షరాలు కనిపిస్తాయి. అది కంసాలి పేరు కాదు. నెపోలియన్‌కు కప్పం కట్టడానికి మూడో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రాజు 1809లో ఇళ్ళల్లో ఉన్న వెండి మీద పన్ను వేశాడు. పన్ను కట్టిన వస్తువు మీద రాజు పేరు పొడి అక్షరాలు కొట్టారు. వస్తువు అంతకన్నా పాతదన్నమాట.

ఊరి గుర్తులంటే ఏమిటి? ఏది ఏ ఊరిది?

గిల్డుల (ఊళ్ళోని కంసాలుల సంఘాల) కాలంలో కంసాలి తన గుర్తు వేసి వస్తువును ఊరి పరీక్షకుడి దగ్గరికి తీసుకెళ్ళేవాడు. అతను పరీక్షించి ఊరి గుర్తు కొట్టేవాడు. అంటే రెండు గుర్తులు కనిపించాలి: మనిషిది ఒకటి, ఊరిది ఒకటి. ఎక్కువగా తగిలేవి చెబుతాను.

ఆగ్స్‌బర్గ్‌ది పైన్ కాయ. 1735 నుంచి ఆ కాయ కింద ఒక అక్షరం కూడా వచ్చింది, చాలావరకు రెండేళ్ళకొకటి మారుతూ. అక్షరాలు అయిపోగానే మళ్ళీ ఏ నుంచి మొదలుపెట్టారు కాబట్టి అక్షరం ఒక్కటీ చూసి ఏడు చెప్పలేం, కాయ ఆకారం కూడా కలిపి చూడాలి. న్యూరెంబర్గ్‌ది ఎన్ అక్షరం. బెర్లిన్‌ది ఎలుగుబంటి. హాంబర్గ్‌ది మూడు బురుజుల కోట. బ్రెమెన్‌ది తాళంచెవి. లూబెక్‌ది రెండు తలల గద్ద, ఫ్రాంక్‌ఫర్ట్‌ది ఒక తల గద్ద. మ్యూనిక్‌ది సన్యాసి దుస్తుల్లో ఉన్న చిన్న బొమ్మ. ఈ గుర్తులన్నీ చాలావరకు ఆ ఊళ్ళ రాజముద్రల్లోవే. ఇప్పటికీ బెర్లిన్‌లో ఎలుగుబంటి, బ్రెమెన్‌లో తాళంచెవి ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

గద్ద ఉంటే ఫ్రాంక్‌ఫర్టేనా?

తొందరపడొద్దు. హైల్‌బ్రాన్‌లో 1805లో మొదలైన బ్రుక్‌మన్ అండ్ జోనె అనే పెద్ద ఫ్యాక్టరీ గుర్తు కూడా గద్దే. తేడా పక్కనున్న గుర్తుల్లో ఉంటుంది. గద్దతో నెలవంక, కిరీటం, 800 ఉంటే బ్రుక్‌మన్ వైపు చూడండి. గద్దతో 13, ఇంకా కంసాలి పొడి అక్షరాలు ఉంటే ఊరి గుర్తు వైపు చూడండి. బొమ్మ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని అందరూ అనేది ఇందుకే. తాళంచెవి సంగతీ అంతే: బ్రెమెన్ ఊరిదీ ఉంది, 1905లో అక్కడ పెట్టిన ఒక ఫ్యాక్టరీ గుర్తులోనూ ఉంది.

పొడి అక్షరాలు రెండే ఉన్నాయి. మనిషిని పట్టుకోవడం ఎలా?

కష్టమే, కానీ దారి ఉంది. మొదటి సంగతి, పాత ముద్రల్లో జె అక్షరాన్ని ఐ లాగే చెక్కేవారు. జర్మన్ కంసాలుల్లో యోహాన్, యాకోబ్, యోసెఫ్ పేర్లవాళ్ళు కొల్లలు, వాళ్ళందరి పేర్లూ జె తోనే మొదలవుతాయి. కాబట్టి మీకు ఐ.బి. అని కనిపిస్తే జె.బి. కింద కూడా వెతకాలి. యు బదులు వి ఉండడమూ మామూలే.

రెండోది, అక్షరాల చుట్టూ ఉన్న గడి. అండాకారమా, గుండె ఆకారమా, మూడు రేకులా, చతురస్రమా. ఒకే ఊళ్ళో ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు కంసాలులను విడదీసేది చాలాసార్లు ఈ గడే. అక్షరాల మధ్య చుక్క, పైన నక్షత్రం, కింద పువ్వు వంటివి కూడా అలంకారాలు కావు, ఆనవాళ్ళు.

మూడోది, మనిషి చచ్చిపోయిన ఏడుతో లెక్క ఆపకండి. భర్త పోయాక కొట్టు నడిపిన భార్యలు అదే ముద్ర వాడేవారు. అతను పోయిన తర్వాతి ఏటి అక్షరం పడిన వస్తువు నకిలీ అనడానికి లేదు.

వేలం కేటలాగుల్లో ముద్ర పక్కన ‘రోజెన్‌బర్గ్’, ‘జేలింగ్’ అని పేరు, ఒక నంబరు ఇస్తారు. అవి ముద్రలను వరుస నంబర్లతో అచ్చేసిన పరిశోధకుల పేర్లు. రోజెన్‌బర్గ్ అన్ని ఊళ్ళూ చూశాడు, జేలింగ్‌ది ఆగ్స్‌బర్గ్. ఆ నంబరు ఉంటే ఎవరో ఒకరు పోల్చి చూశారని అర్థం. ‘18వ శతాబ్దం, దక్షిణ జర్మనీ’ అని గాలిలో వదిలేస్తే ఎవరూ పోల్చలేదని అర్థం.

ముద్ర దగ్గర వంకరటింకరగా ఒక గీత ఉంది. దెబ్బ తగిలిందా?

పాము పాకినట్టు జిగ్‌జాగ్‌గా, సన్నగా, వేలెడు కన్నా తక్కువ పొడవు ఉంటే అది దెబ్బ కాదు. పరీక్షకుడు ఉలిని అటూ ఇటూ ఊపుతూ రవ్వంత వెండి గీకి తీసుకున్న చోటు. జర్మన్‌లో ట్రెమోలీర్‌ష్టిష్ అంటారు. పాత వస్తువుకు ఇది మంచి సూచనే. కానీ నకిలీలు చేసేవాళ్ళకూ ఉలి ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం.

పాత ఫ్రెంచి గుర్తులా, ఆగ్స్‌బర్గ్ గుర్తులా ఏదోలా ఉన్నాయి. ఎందులోనూ దొరకడం లేదు. ఎందుకు?

చాలావరకు జవాబు ఒకే ఊరు: హానావ్. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఉంటుంది. 19వ శతాబ్దం రెండో సగంలో యూరప్ ధనవంతుల ఇళ్ళల్లో పాతకాలపు ఫ్యాషన్ వచ్చింది. తెరచాప ఓడల బొమ్మలు, దేవదూతల పిల్లలు ఉబ్బెత్తుగా ఉన్న పెట్టెలు, వీరుల బొమ్మల లోటాలు అందరికీ కావాలి. హానావ్‌లో ష్లైస్నర్, నేరెస్‌హైమర్ వంటి కంపెనీలు వాటిని గొప్పగా తయారు చేశాయి. పాత రూపానికి తగ్గట్టు పాత ముద్రల్లాంటివి కూడా కొట్టాయి. ఒక్కోసారి పైన్ కాయను పోలినది, ఒక్కోసారి ఫ్రెంచి కిరీటాన్ని పోలినది, ఒక్కోసారి పూర్తిగా ఊహించుకున్నది.

వీటిని నకిలీ అనాలా? నా ఉద్దేశంలో కంపెనీ అమ్మినప్పుడు ఇవి ఫ్యాషన్ సామానే. 17వ శతాబ్దం అని చెప్పి తర్వాత చేతులు మార్చినవాళ్ళే మోసగాళ్ళు. పనితనం చూస్తే కళ్ళు తిరుగుతాయి, హానావ్ వస్తువులని తెలిసే కొనేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. గుర్తుపట్టడానికి ఒక దారి ఇంగ్లండ్ దిగుమతి ముద్ర. బ్రిటన్‌కు వెళ్ళిన జర్మన్ వెండిని అక్కడ మళ్ళీ పరీక్షించి ముద్ర వేసేవారు. హానావ్ సరుకు చాలా దిగుమతి చేసుకున్న బెర్తోల్డ్ ముల్లర్ పొడి అక్షరాలు బి.ఎం., చెస్టర్ ఊరి ముద్ర మీ ‘17వ శతాబ్దం’ ఓడ మీద ఉంటే ఇక వాదన అక్కర్లేదు. ఆ వస్తువు ప్రాయం నూట పాతికేళ్ళు అటూ ఇటూ.

సంతల్లో ఎక్కువగా కనిపించే ఫ్యాక్టరీలు ఏవి?

బ్రెమెన్‌లో విల్కెన్స్ (1810), కోహ్ అండ్ బెర్గ్‌ఫెల్డ్ (1829). హైల్‌బ్రాన్‌లో పైన చెప్పిన బ్రుక్‌మన్. ష్వేబిష్ గ్మ్యుండ్‌లో విల్‌హెల్మ్ బిండర్, దాని గుర్తు డబ్ల్యూ.టి.బి. అక్షరాలు. ఫ్లెన్స్‌బర్గ్‌లో రోబె అండ్ బెర్కింగ్ (1874), ఇప్పటికీ నడుస్తోంది. గైస్‌లింగెన్‌లో డబ్ల్యూ.ఎం.ఎఫ్., కానీ దాని స్పూన్లలో మీకు దొరికేవి ఎక్కువగా పూతవే. గులాబీ పువ్వు కాడ చివర ఉన్న చిన్న స్పూన్లు హిల్డెస్‌హైమ్ గులాబీ డిజైన్. అది కంపెనీ పేరు కాదు, రకరకాల కంపెనీలు చేశాయి. వెండివీ ఉన్నాయి, పూతవీ ఉన్నాయి. వెనక్కి తిప్పి చూడాల్సిందే.

కత్తి మీద సోలింగెన్ అని ఉంది. అదేనా తయారీదారు?

అది కత్తి పదును భాగం చేసిన ఊరు. పిడి వేరే చోట తయారై ఉంటుంది, వెండి ముద్ర పిడి అంచున చిన్నగా వెతకండి. రోస్ట్‌ఫ్రై అని ఉంటే తుప్పు పట్టని స్టీలు. క్రుప్ కంపెనీ ఆ స్టీలుకు పేటెంటు తీసుకుంది 1912లో. కాబట్టి ఆ పదును అంతకన్నా పాతది కాదు. పిడి పాతదై, పదును మాత్రం మార్చి ఉండొచ్చు. ఇంకో మాట, పిడి లోపల డొల్ల. గుగ్గిలం లాంటి బంక నింపి ఉంటారు. అందుకే కత్తులను తూకం లెక్కలో కలపకూడదు, మరిగే నీళ్ళలోనూ వెయ్యకూడదు.

800 ఉంది, కిరీటం లేదు. జర్మనీది కాదా?

కాకపోవచ్చు. ఇటలీలోనూ 800 మామూలే. ఆస్ట్రియా-హంగరీది అయితే 1867 నుంచి 1922 దాకా డయానా దేవత తల, లోపల 1 నుంచి 4 దాకా ఒక అంకె ఉంటుంది. అందులో 3 అంటే 800. ఫ్రాన్స్‌ది మినర్వా తల. డెన్మార్క్‌ది మూడు బురుజులు, కింద సంవత్సరం చివరి రెండు అంకెలు. దీన్ని హాంబర్గ్ కోట అనుకునేవాళ్ళు చాలామంది. 830 పక్కన ఎస్ ఉంటే స్కాండినేవియా వైపు వెళ్ళండి. 84 అంటే చాలావరకు రష్యా.

ఇంగ్లీషులో జర్మనీ అని రాసి ఉంటే ఎగుమతి కోసం చేసింది. వెస్ట్ జర్మనీ అంటే 1949కి, 1990కి మధ్యది. దాన్ని ఎంత ముద్దుగా నల్లబరిచినా యాంటిక్ కాదు.

ముద్ర దొంగదని ఎలా అనుమానించాలి?

సుత్తితో కొట్టిన ముద్రకు అంచులు కోసినట్టు ఉంటాయి, అడుగు చదునుగా ఉంటుంది. పల్చటి వస్తువైతే వెనక వైపు వేలితో తడిమితే చిన్న ఉబ్బు తగులుతుంది. అసలు వస్తువును అచ్చు తీసి పోత పోస్తే ముద్ర కూడా అచ్చులోనే వస్తుంది: అంచులు మొద్దుబారి, భూతద్దంలో ఇసుక రేణువుల్లా గరుగ్గా. ఆరు స్పూన్ల మీద ముద్ర ఒకే వంపులో, ఒకే చోట, ఒకే గీతతో ఉంటే మరీ అనుమానించాలి. చేత్తో కొట్టినవి అంత ఒద్దికగా పడవు.

ఇంట్లో వెండి అవునో కాదో తేల్చుకోవచ్చా?

గీటురాయి, యాసిడ్ వద్దు, మచ్చ పడుతుంది. వంటింటి డిజిటల్ కాటా చాలు, పాయింటు తర్వాత ఒక అంకె చూపించేది. ముందు స్పూనును తూచండి. 60 గ్రాములు వచ్చిందనుకుందాం. గ్లాసు నీళ్ళు కాటా మీద పెట్టి సున్నా చేయండి. స్పూనుకు సన్న దారం కట్టి, అడుగుకు, గోడకు తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా చూపించే అంకెతో 60ని భాగించండి. 5.9 చూపిస్తే జవాబు 10కి కొంచెం పైన, 800 వెండికి సరిపోతుంది. 6.9 చూపిస్తే 8.7, అంటే నోయ్‌జిల్బర్. అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి వెండే అనే మాట మాత్రం వినకండి, నోయ్‌జిల్బర్ కూడా మామూలుగా అంటుకోదు.

మన ఊరి కొట్లో ఇస్తే కరిగించి డబ్బులిస్తామంటున్నారు. ఇచ్చేయమంటారా?

ముక్కలు ముక్కలుగా ఉన్న, పేరు లేని 800 స్పూన్లయితే మీ ఇష్టం. తూకంలో 80 శాతానికే లెక్క కడతారు, పైన తరుగు తీస్తారు. కానీ ఊరి గుర్తు, లోట్ అంకె, కంసాలి గుర్తు మూడూ ఉన్న వస్తువును తేల్చుకోకముందే మూసలో పడేయకండి. దాని ధర వెండి ధరతో ముడిపడి ఉండదు.

ఎవరికైనా చూపించి అడగాలంటే ఏమేం పంపాలి?

వస్తువు మొత్తం ఒక ఫోటో. ముద్రల వరుస మొత్తం ఒకే ఫ్రేములో ఒకటి. ప్రతి ముద్రా విడివిడిగా, పక్క వెలుతురులో. గ్రాముల్లో బరువు, మిల్లీమీటర్లలో పొడవు. ఎక్కడ కొన్నారో ఒక ముక్క. ముద్రను మీరు ఏమని చదివారో అది చివర్లో రాయండి, ముందే చెబితే చూసేవాళ్ళకు కూడా అదే కనిపిస్తుంది.